రెండో కృష్ణుడికి వన్స్ మోర్

డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల మా ఆఫీసులో పనిచేసే అమెరికన్ ఒకాయన ఉండేవాడు. నాకంటే పాతికేళ్ళు పెద్ద. ఇద్దరం కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో పక్కపక్క డెస్కుల్లో కూర్చునేవాళ్ళం. మా ఆవిడకి ఊరికి అటు చివర ఉద్యోగం వచ్చి, ఉన్న ఒక్క కారూ తను తీసుకెళ్ళాల్సి వచ్చేసరికి, "దారిలోనే కదా, నాతో వచ్చెయ్" అని ఆయనే అన్నాడు. రెండువేల పది దాటిన కొత్తల్లో సంగతి ఇది. డెట్రాయిట్ అప్పుడప్పుడే మాంద్యం దెబ్బనుంచి తేరుకుంటోంది. రెండో కారు కొనే ధైర్యం మాకింకా రాలేదు.

మొదటి రోజు ముందు తలుపు తియ్యబోతే, "వెనక కూర్చో, ఏమీ అనుకోకు" అన్నాడు. ముందు సీట్లో ఒక చెక్కపెట్టె ఉంది. నిండా సీడీలు, అడుగున పాత క్యాసెట్లు. దానికి సీటు బెల్టు కూడా పెట్టి ఉంది. నేను టాక్సీ ఎక్కినవాడిలా వెనక కూర్చున్నాను. మర్నాడూ అంతే. వారం గడిచినా అంతే.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. పెట్టెని వెనక పడేసి మనిషిని ముందు కూర్చోబెట్టుకోవచ్చు కదా? ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పకపకా నవ్వింది.

"మిమ్మల్ని వెనక కూర్చోబెట్టి ఆయన డ్రైవ్ చేస్తున్నాడంటే ఆయన మీకు డ్రైవరన్నమాట. ఫ్రీగా ఎవరిస్తారండీ ఇలాంటి సర్వీసు? ఎంజాయ్ చెయ్యండి" అంది.

బెల్టు ఎందుకో మాత్రం నాకు చూడగానే తెలిసింది. సీటు కింద ఉండే సెన్సర్లని టెస్ట్ చెయ్యడమే నా ఉద్యోగం. సీటు మీద తగినంత బరువు పడితే అది మనిషి కూర్చున్నట్టు లెక్క వేస్తుంది. బెల్టు పెట్టకపోతే టింగు టింగుమని మోగి ప్రాణం తీస్తుంది. ఆ పెట్టె బరువుకి మా సెన్సరు మోసపోయింది. ఆ కారు లెక్కలో ముందు సీట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉన్నట్టే.

పెట్టెలో ఉన్నవన్నీ ఒకే ఒక్క రాక్ గ్రూపు పాటలు. ఆయన కుర్రతనంలో మొదలైన గ్రూపు. నలుగురూ నాలుగు వేరే గ్రూపుల్లో అప్పటికే పేరు తెచ్చుకున్నవాళ్ళు. వాటిని వదిలేసి వచ్చి ఒకటయ్యారు. అలాంటిదాన్ని సూపర్‌గ్రూప్ అంటారట. "మా వైపు మల్టీస్టారర్ అంటాం" అన్నాను. ఆ మాట ఆయనకి తెగ నచ్చింది. ఆ రోజునుంచీ ఆఫీసుకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ నాకు ఆ గ్రూపు చరిత్ర పాఠం మొదలైంది.

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, మా కారులో అది తిరగబడింది. నాకు చిన్నప్పట్నించీ ఒక జబ్బు ఉంది, అడక్కుండా ఉండలేను. ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవంటారు, ఇక్కడ నాలుగున్నాయే, ఎలా ఇమిడాయి అని అడిగాను. ఇమడలేదట. మొదటి ఆల్బం దేశమంతా మోగిపోయింది. రెండోది పూర్తవకముందే గిటారిస్టు అలిగి వెళ్ళిపోయాడు. అతని బదులు వచ్చినవాడికీ కీబోర్డు వాయించేవాడికీ పడలేదు. కీబోర్డు వాయించేవాడు వెళ్ళి, వచ్చి, మళ్ళీ వెళ్ళాడు. ఒక దశలో ఒకే పేరుతో రెండు గ్రూపులు ఊళ్ళు తిరిగాయి. పేరు ఎవరిదో తేల్చుకోడానికి కోర్టుకెక్కారు. ఇదంతా ఆయన మన కుటుంబ తగాదాలు చెప్పినట్టు నిట్టూరుస్తూ చెప్పేవాడు.

"ఇంతకీ మొదటి నలుగురిలో ఇప్పుడెవరున్నారు?" అన్నాను.

"డ్రమ్స్ వాయించేవాడు ఒక్కడే."

"మరి ముగ్గురు మారిపోయాక అది అదే గ్రూపు ఎలా అవుతుంది?"

"పదేళ్ళలో మన కంపెనీని ముగ్గురు కొన్నారు. బ్యాడ్జీ మీద పేరు మారింది, బాసులు మారారు. నువ్వు అదే ఆఫీసుకి వెళ్తున్నావా, వేరే ఆఫీసుకా?"

 దారిపొడుగునా ఆలోచించాను. అదే కాఫీ మెషీను, అదే ఇరుకు మెట్లు. అదే ఆఫీసనే తేల్చుకున్నాను.

గిటారు మారినా, కీబోర్డు మారినా ఆయన ఓర్చుకున్నాడు. పాడేవాడి దగ్గరే ఆయన సహనం ఆగిపోయింది. అసలు గాయకుడు జబ్బుచేసి చనిపోయాడట. కొన్నాళ్ళకి మిగిలినవాళ్ళు ఒక కుర్రాణ్ణి పట్టుకొచ్చారు. వాడు బార్లలో వీళ్ళ పాటలే పాడుకుంటూ ఉంటే ఎవరో తీసిన వీడియో నెట్‌లో చూసి పిలిచారట.

"ఎలా పాడతాడు?" అన్నాను.

"వినలేదు. వినను కూడా."



ఎండాకాలం వచ్చింది. హైవే పక్కన పెద్ద బోర్డు వెలిసింది. ఆ గ్రూపే, డెట్రాయిట్‌కి ఉత్తరాన ఉన్న ఆరుబయలు స్టేజీ మీద. "వెళ్తున్నారా?" అన్నాను ఆగలేక. ఆయన పాట సౌండు తగ్గించాడు. తర్వాత అద్దంలో నాకేసి చూడకుండా చెప్పాడు.

ఆయనకి భార్య పరిచయమైంది ఆ గ్రూపు కచేరీ టికెట్ల క్యూలో. తర్వాత వాళ్ళు ఈ వైపు ఎప్పుడొచ్చినా ఇద్దరూ వెళ్ళేవాళ్ళు. ఆ పెట్టె ఆవిడది. ముందు సీట్లో కూర్చుని, దాన్ని కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఏ పాట పెట్టాలో ఆవిడే చూసేది, ఆయన్ని చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. నేను అన్నాళ్ళూ ఆ పెట్టె మీద కోపం పెట్టుకున్నందుకు నామీద నాకే చిరాకేసింది.

సంగతి అక్కడితో అయిపోలేదు. చర్చిలో పరిచయమైన ఒకావిడతో ఆయన ఏడాదిగా ఆదివారాలు కాఫీ తాగుతున్నాడు. ఆవిడకీ భర్త లేడు. ఆయన పుట్టినరోజని ఆవిడే ఈ కచేరీకి రెండు టికెట్లు కొనేసింది. ఆవిడకి ఈ గొడవంతా తెలియదు. శుక్రవారంలోగా చెబుతానని అన్నాడట.

"వెళ్తే అక్కడ ఆ గొంతు ఉండదు. వెళ్ళకపోతే ఆవిడ మళ్ళీ నన్ను ఎక్కడికీ పిలవదు" అన్నాడు.

అలాంటప్పుడు ఏమనాలో నాకు చేతకాదు. ఆ గాభరాలో నోటికొచ్చింది చెప్పాను. మా తెనాలి వైపు పద్యనాటకాల సంగతి. కాంట్రాక్టరు పేరున్న నటుల్ని తలో ఊరినుంచీ రప్పించి ఒక్క రాత్రికి నాటకం కట్టించేవాడు. కృష్ణుడి వేషానికి ఒక్కరు చాలరు. ఈ సీనుకి ఒకటో కృష్ణుడు, తర్వాతి సీనుకి రెండో కృష్ణుడు. ఒకాయన సన్నగా రివటలా ఉంటాడు, రెండో ఆయన బొజ్జతో వస్తాడు. జనానికి ఏ ఇబ్బందీ లేదు. పద్యం బాగుంటే చాలు, నాటకం మధ్యలోనే వన్స్ మోర్ అని అరుస్తారు. అరిస్తే అక్కడికక్కడ మళ్ళీ పాడాలి. చచ్చి పడిపోయిన వేషమైనా సరే, లేచి పద్యం పాడి మళ్ళీ పడిపోవాల్సిందే.

ఆయన స్టీరింగు మీద చేత్తో కొడుతూ నవ్వాడు. ఈసారి ప్రశ్నలు ఆయన వంతు.

"ఇద్దరిదీ ఒకే కిరీటమా?"

"ఎవరి కిరీటం వాళ్ళదే."

"రెండో ఆయన పాడుతుంటే మొదటాయన ఏం చేస్తాడు? ఇంటికెళ్ళిపోతాడా?"

"చిన్నప్పుడు ఒకసారి తెర వెనక్కి వెళ్ళి చూశాను. కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని సోడా తాగుతున్నాడు. రెండో ఆయన పద్యం వింటూ తల ఊపుతున్నాడు."

 శుక్రవారం మధ్యాహ్నం ఆయన నా డెస్కు దగ్గరికొచ్చి, "వెళ్తున్నాం. నువ్వూ రా, నీ టికెట్ కొనేశాను" అన్నాడు. భయపడి నన్ను తోడు తీసుకెళ్తున్నాడని అర్థమైంది. కాదనలేకపోయాను.

కచేరీ రోజు ఆవిడని మొదటిసారి చూశాను. చిన్న మనిషి, నెత్తిన గడ్డి టోపీ, చేతిలో శాండ్‌విచ్‌ల డబ్బా. కారు దగ్గరికి రాగానే ముందు సీట్లో పెట్టెని చూసింది, దాని బెల్టుని చూసింది, వెనక నా పక్కన కూర్చుంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. దారంతా ఆవిడే మాట్లాడింది, ఎక్కువగా నాతోనే. ఇడ్లీకి పిండి పులవడానికి మిషిగన్ చలిలో ఏం చేస్తారని కూడా అడిగింది. ఓవెన్‌లో లైటు వేసి ఉంచుతామన్నాను.

పచ్చికమీద మడత కుర్చీలు వేసుకున్నాం. చుట్టూ బట్టతలలు, వెలిసిపోయిన పాత టూర్ల టీషర్టులు. కుర్రాడు స్టేజీ మీదికి రాగానే అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు, పెళ్ళిచూపులకి వచ్చిన మేనత్తల్లా. మొదటి రెండు పాటలూ వాడు పోయినాయన్ని అచ్చంగా అనుకరించాడు. చప్పట్లు పొడిపొడిగా పడ్డాయి. మూడోది మొదలవగానే మా పెద్దాయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఆయన భార్య కారెక్కగానే పెట్టే పాట అది. అది వస్తే లేచి బయటికి వెళ్ళిపోతానని నాతో ముందే అన్నాడు.

సీడీలో ఆ పాట నేను ఎన్నోసార్లు విన్నాను. మధ్యలో గొంతు ఎక్కడికో పైకి వెళ్ళే చోటొకటి ఉంది. అక్కడ కుర్రాడు పైకి వెళ్ళలేదు. కిందికి దిగి, నింపాదిగా, తన సొంత గొంతుతో అన్నాడు ఆ మాటల్ని. పచ్చికంతా చప్పుడు లేదు. నాకు ఒళ్ళు తెలియలేదు. "వన్స్ మోర్" అని అరిచాను.

వంద తలలు నావైపు తిరిగాయి. ముందు కూర్చున్నాయన, "బాబూ, పాట ఇంకా అవలేదు" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం పక్కనున్న మా పెద్దాయన్ని మోచేత్తో పొడిచి, "అదేమిటి?" అంది. లేచి వెళ్ళిపోవాల్సిన మనిషి ఆవిడ వైపు వంగి, రెండో కృష్ణుడి కథ చెప్పడం మొదలుపెట్టాడు. బొజ్జ దగ్గర ఆవిడ నవ్వింది. సోడా దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపేసి ఆయన ముఖంలోకి చూసింది. అప్పటికి పాట అయిపోయింది. ఆయన లేచి నిలబడి, "వన్స్ మోర్" అన్నాడు గట్టిగా, అచ్చం నా యాసలో. ఆవిడా లేచింది. కుర్రాడు మావైపు చూసి చెయ్యి ఊపాడు గానీ మళ్ళీ పాడలేదు, వాడికేం తెలుసు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ కాసేపు అలాగే నిలబడ్డాడు.

పార్కింగులో రద్దీ పెరగకముందే బయల్దేరాం. ఇంకా వెలుతురుంది. నేను వెనక ఎక్కి కూర్చున్నాను, ఆవిడ రెండో వెనక తలుపు దగ్గరికి వెళ్ళింది. ఆయన ముందు తలుపు తీసి, బెల్టు ఊడదీసి, పెట్టె ఎత్తి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "జాగ్రత్త" అన్నాడు. బరువుగానే ఉంది. ఆవిడ వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

కారు కదలగానే టింగు టింగుమంది. ఆయన ఉలిక్కిపడ్డాడు. "బెల్టు" అన్నాను నేను. ఆవిడ బెల్టు పెట్టుకుంది, మోత ఆగింది.

ఆయన ఒక చెయ్యి వెనక్కి చాపి, ఒక సీడీ ఇమ్మన్నాడు.

"ఏది ఇవ్వను?"

"ఆవిడనడుగు" అన్నాడు.