గీటురాయి మీద నా బంగారపు పొర

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు అందరూ నన్ను నెమ్మదస్తురాలంటారు గానీ, పరిశోధన చేసే రోజుల్లో నన్ను చూసినవాళ్లు ఆ మాట ఒప్పుకోరు. అయినా ఊరికే వచ్చేది కాదు ఆ కోపం. నెలల తరబడి బతిమాలితే, ఎక్కడో దూరాన ఉన్న పెద్ద ల్యాబు వాళ్లు నా కోసం గోరంత గాజు పలక ఒకటి తయారుచేసి పంపారు. దాని మీద తలవెంట్రుకలో వెయ్యో వంతు మందాన బంగారపు పొర, ఆ పొర నడుమ కంటికి ఆనని కన్నాలు వరసలు వరసలుగా. అంత చిన్న కన్నాల్లోంచి వెలుతురు దూరకూడదు. కానీ దూరుతుంది. బంగారం మీద పడ్డ వెలుతురు అక్కడి ఎలక్ట్రాన్లను అలల్లా ఊపుతుంది. ఆ ఊపు కన్నాల గుండా అవతలికి పోయి మళ్లీ వెలుతురై బయటపడుతుంది. కన్నాల మధ్య ఎడాన్ని బట్టి ఏ రంగు ఎక్కువగా వస్తుందో తేలుతుంది. నా పలకలో అది ఎరుపు. ఆ ఎరుపును కొలిచి చూపిస్తేనే నా ఫెలోషిప్పు ఇంకో ఏడాది సాగుతుంది.

కాలేజీకి సెలవులు కావడంతో కొరియరు నేరుగా విజయనగరంలో మా మావ ఇంటికొచ్చింది. మావంటే మా అమ్మ తమ్ముడు, రిటైరైన డ్రిల్లు మాస్టరు. చదువుకోసం నేను ఉండేది ఆయనింట్లోనే. (ఆయన గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుంది.) మా కోడలుపిల్ల బంగారం మీద పరిశోధన చేస్తోందని అప్పటికే ఊరంతా చెప్పుకున్నాడేమో, పెట్టె విప్పగానే ఎదురింటి అత్త చూడ్డానికొచ్చింది. నేను వద్దంటున్నా పలకను కిటికీకేసి ఎత్తి పట్టుకుంది. అంత పల్చటి బంగారంలోంచి చూస్తే వెలుతురు ఆకుపచ్చగా కనిపిస్తుంది. అత్త పెదవి విరిచింది.

"ఇదేటి బంగారమమ్మా, సీసా పెంకులాగున్నాది."

మావ మొహం నల్లబడింది. ఆకుపచ్చగా ఉండటమే సరైనదని నేను చెప్పిన మాట ఆయన చెవికెక్కలేదు.

మర్నాడు పొద్దున్న నేను స్నానం చేసి వచ్చేసరికి పెట్టె లేదు, మావా లేడు. కాసేపటికి గంటస్తంభం వైపు నుంచి చెమటలు కక్కుకుంటూ వచ్చి, నా ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు.

"అమ్మీ, నిన్ను మోసం సేసినారు. బంగారం కొట్లో రాయి మీద గీయించినాను. గీతైనా పడ్లేదు. గాజుముక్కే మిగిలినాది."

గీటురాయి మీద. కన్నాల వరసలన్నీ, నా ఏడాదంతా, గీటురాయి మీద. ఆ పూట అన్నం తినలేదు. నేను అలిగింది తన మీదేనని మావకు తోచనే లేదు. మోసం చేసింది నా పరిశోధనకు గైడుగా ఉన్న ప్రొఫెసరని, నా కోపం ఆయన మీదని అనుకున్నాడు. పొందూరు ఖద్దరు పంచె తీసి కట్టాడు. (ఆ పంచె కట్టాడంటే పెళ్లికైనా వెళ్లాలి, తగువుకైనా వెళ్లాలి.) ప్రొఫెసరుగారు సెలవుల్లో కూడా ల్యాబు వదలరని తెలుసు కాబట్టి నన్ను బస్సెక్కించి తీసుకెళ్లాడు. దారి పొడవునా నా కథ బస్సంతటికీ చెప్పాడు. దిగేలోపు మా ప్రొఫెసరుగారు పచ్చి దొంగని బస్సంతా ఏకగ్రీవంగా తేల్చేసింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ పళ్లు కొరుక్కున్నాను.

"సూడండి మాస్టారూ, ఆడపిల్లకి పచ్చగాజిచ్చి బంగారమంటారా?" అన్నాడు మావ, ల్యాబు గుమ్మంలోంచే.

ప్రొఫెసరుగారు నాకేసి చూశారు. జరిగింది చెప్పాను. గీటురాయి అన్న మాట దగ్గర ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, కాసేపు కళ్లు మూసుకున్నారు. తర్వాత సొరుగులోంచి ఇంకో పలక తీశారు. నా దానితోపాటే తయారై, అంచు గీసుకుపోయిందని ముందుగానే ఆయనకు పంపేసిన ముక్క అది. వెలుతురుకు ఇవతల పట్టుకుంటే పసుపు, అవతలికి తిప్పి దీపానికి అడ్డం పెడితే ఆకుపచ్చ, మధ్యలో కన్నాలున్న చోట మాత్రం ఆవగింజంత ఎర్రటి చుక్క. మావ ఒక కన్ను మూసి చూశాడు, రెండోది మూసి చూశాడు. అంతా ఒకటే బంగారమా అని అడిగాడు. అవునని, ఆ ఎరుపు ఎలా వస్తుందో కోపం దిగమింగుకుంటూ నేనే చెప్పాను. అర్థమైందో లేదో గానీ, ఆయన మొహం మెల్లగా వెలిగింది. అంతలోనే మళ్లీ ఎర్రబడింది.

"అయితే మనది మంచి బంగారవే. మరి ఆ కొట్టోడు దేనికి అరగదీసినాడు?"

టీ కూడా తాగకుండా బస్సుకు పరిగెత్తాడు. దేశం సొమ్ము పాడుచేశావంటూ ఆ కొట్టాయన షట్టరు దించేదాకా పోట్లాడాడని తర్వాత తెలిసింది. గీయమని ఇచ్చింది తానేనన్న సంగతి ఆయనకు ఇవాళ్టికీ గుర్తు లేదు.

గీసుకుపోయిన ముక్క మీదే కొలతలు తీసుకున్నాను. ఎరుపు కాస్త బలహీనంగా వచ్చినా వచ్చింది. ఒక్క నమూనాతోనే ఎందుకు సరిపెట్టారని కమిటీ అడిగితే, మొదటిది గట్టిదనం పరీక్షలో పాడైందని ప్రొఫెసరుగారు తొణక్కుండా చెప్పారు. ఫెలోషిప్పు నిలబడింది. మావతో మాత్రం చాన్నాళ్లు మాట్లాడలేదు.

మొన్న మా ల్యాబులో అలాంటి పలకే ఒకటి నా చేతిలోంచే జారి పగిలింది. పోనీలే, ఇంకోటి తెప్పిద్దామని ఈమెయిలు రాసేసి, మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే, గోరంత గాజు కోసం పస్తుండి బస్సులో దారంతా పళ్లు కొరుక్కున్న ఆనాటి పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇప్పుడు ఎదురైతే, ఇంత నెమ్మదిగా ఎలా ఉండగలుగుతున్నావని నన్నే కడిగిపారేసేదేమో.