అవ్వ ఆమెన్ అనని మాట

ఇంగ్లీషులో ఒక వాక్యం పూర్తిచేయగానే నేను కాసేపు ఆగుతాను. ఆఫీసులో అందరూ అది నా నింపాదితనం అనుకుంటారు. నింపాదీ లేదు, నా మొహమూ లేదు. నేను ఆగేది అవ్వ ఆమెన్ కోసం.

మా ఊరు చేవెళ్ల పక్కనే. అక్కడ తెలుగు మీడియంలో ఐదో తరగతి అయ్యాక మొయినాబాద్‌లో ఇంగ్లీషు బడికి తీసుకుపోయారు. ప్రిన్సిపాల్ మేడమ్ ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఇంట్లో వసపిట్టలా వాగే నాకు అక్కడ నోరు పెగల్లేదు. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ రమ్మంది, అప్పటికీ మాట్లాడకపోతే మళ్ళీ ఐదులోనే కూర్చోవాలంది. నాకంటే చిన్నపిల్లల మధ్య ఇంకో ఏడాదా అని ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ఎక్కువ కోపమొచ్చింది.

నాయనమ్మను నేను అవ్వ అనేదాన్ని. మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో ఒకరు మాట అంటే మిగతావాళ్ళు ఆమెన్ అనాలి. ప్రార్థన అయ్యాక అదే చాప మీద నేను కళ్ళు మూసుకుని ఇంగ్లీషు అప్పజెప్పేదాన్ని. అవ్వ దానికీ అదే పద్ధతి పెట్టింది. కాకపోతే ముందు అర్థం చెప్పాలి.

"తెల్వకుంట ఆమెన్ అనొద్దు బిడ్డా. అట్లనే కావాలె అన్నట్టు గది."

"పీస్ ఆఫ్ కేక్ అంటే మస్తు అల్కగ అయ్యే పని, అవ్వా."

"క్రిస్మస్ కేకు లెక్కనా? అయితే నీ పరీక్ష కేకు ముక్కనే. ఆమెన్."

అమ్మ చిల్కూరు వైపు గులాబీ తోటలో పూలు కోసేది. ఆమె కొంగు వాసన ఇల్లంతా ఉండేది. ఆ వాసనలో నాకు కళ్ళు బరువెక్కేవి. మే ఐ కమిన్, ఎక్స్‌క్యూజ్ మీ, లర్న్ బై హార్ట్ అన్నీ సగం నిద్రలో దేవుడి మాటల్లా వినిపించేవి. ఎక్కడో దూరంగా అవ్వ గొంతు ఒక్కోదానికి ఆమెన్ అంటూ ఉండేది.

ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయింది. అది 'మా కుటుంబం' పాఠంలోది. "మై గ్రాండ్‌మదర్ కెనాట్ రీడ్. మా అవ్వకు చదువు రాదు."

అవ్వ మూతి ముడుచుకుంది. "గీ దానికి నేననను. అంటే అట్లనే ఉండిపోతది."

ఎన్నిసార్లు చెప్పినా అనలేదు. నేను మొండిదాన్నే, ఆమె నన్ను మించింది.

గడువు రోజు అవ్వే నన్ను బస్సులో తోలుకపోయింది. తను వరండాలో బెంచీ మీద కూర్చుంది, నేను లోపలికి వెళ్ళాను. కళ్ళు మూసుకుని మొదటి వాక్యం చెప్పి, అలవాటుగా ఆగాను. నేను మరిచిపోయాననుకుని మేడమ్ పెన్ను కింద పెట్టింది. అప్పుడు తెరిచిన తలుపులోంచి, బెంచీ వైపునుంచి వినిపించింది.

"ఆమెన్."

ఇక నాకు అడ్డు లేదు. నేనో వాక్యం, బయట ఒక ఆమెన్. అట్లా పోతూ పోతూ ఆ వాక్యం దగ్గరికి వచ్చాను. మై గ్రాండ్‌మదర్ కెనాట్ రీడ్. బయట చప్పుడు లేదు.

మేడమ్ తలుపు వైపు చూసింది. "వై డిడ్ షి స్టాప్?"

దానికి జవాబు నా పుస్తకంలో లేదు. కళ్ళు తెరిచాను. "షి... షి వాంట్స్ టు రీడ్, మేడమ్."

బట్టీ పట్టకుండా నేను అన్న మొదటి ఇంగ్లీషు వాక్యం అదే. అవ్వకు చదువుకోవాలని ఉందన్న సంగతి అది అంటున్నప్పుడే నాకూ తెలిసింది. ఇన్నాళ్ళూ పక్కనే కూర్చుని ఎట్లా చూడలేదోనని సిగ్గేసింది. మేడమ్ ఫారం మీద ఆరో తరగతి అని రాసింది.

ఆ సాయంత్రం చాప మీద వాక్యం మార్చాను. "మై గ్రాండ్‌మదర్ విల్ రీడ్. మా అవ్వ చదువుతది."

"ఆమెన్" అంది అవ్వ. తర్వాత నా వైపు తిరిగింది.

"ఉత్త ఆమెన్ అంటే అయితదా? పలక ఏది?"