మామ గ్లాసులో కలిపింది నేనే

ఆరేళ్లు ఒక బరువు మోశాను. పోయిన వారం దాకా నా భార్యకు కూడా తెలియదు. ఆరేళ్ల కిందట ఒక ఆదివారం మా మామ గ్లాసులో రమ్ము కలిపింది నేను. నింద మోసింది మరొకతను. ఈ రెండు వాక్యాలు రాయడానికి ఇంతకాలం పట్టింది.

నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్లజోళ్ల దుకాణం ఉంది. అత్తగారింటికి పెద్దల్లుణ్ణి. ఆ ఇంట్లో ఏ దావత్ జరిగినా మందు పోసేది నేనే. ముందు పోయిన పెద్దల పేరున నేల మీద నాలుగు చుక్కలు సాక పోయాలి. తర్వాత మామ గ్లాసు, ఆ తర్వాతే మిగతావి. ఎవరికి సోడా, ఎవరికి నీళ్లు, ఎవరిని రెండో గ్లాసు దగ్గర ఆపాలి, అన్నీ నాకు కంఠతా వచ్చు. నవ్వకండి. చదువులో, సంపాదనలో నేను ఎవరికీ సాటిరాను. ఆ ఇంట్లో నా పెద్దరికం సీసా చేతిలో ఉన్నంతసేపే.

మా షడ్డకుడు, అంటే మరదలి భర్త, ఎల్బీ నగర్‌లో ఇల్లు కట్టాడు. గృహప్రవేశం అయ్యాక మిద్దె మీద మధ్యాహ్నం దావత్ పెట్టాడు. "అన్నా, ఎప్పుడూ నువ్వే నిలబడి పోస్తవు. ఈసారి కూసోని తాగు. పోసెటందుకు మనిషిని మాట్లాడిన," అన్నాడు. మర్యాదకే అన్నాడు. నాకు మాత్రం పంక్తిలోంచి లేపినట్టనిపించింది.

వచ్చినతని పేరు మహేశ్. ఫంక్షన్లకు వెళ్లి బార్ నడపడం అతని సొంత వ్యాపారం. మడత బల్ల, ఐసు డబ్బా, పుదీనా, నిమ్మ చెక్కలు. సీసాను గాల్లో తిప్పి పట్టుకుంటే అందరూ ఈలలు వేశారు. "బావా, నీ నౌకరీ పోయింది పో!" అన్నాడు మా బావమరిది. నేనూ నవ్వాను. మామ వాళ్లలాగే అతనిదీ నల్లగొండ వైపేనట. మొదటి సీసా మూత తీయగానే ఎవరూ చెప్పకముందే సాక పోశాడు. "మనోడే!" అని మామ మురిసిపోయాడు.

మామ గుండెకు అప్పటికే స్టెంటు వేశారు. మందు ముట్టవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ సంగతి తెలిసి మహేశ్ ఆయన నలుగురిలో చిన్నబోకుండా సోడాలో నిమ్మరసం, పుదీనా కలిపి మంచి గ్లాసులో ఇచ్చాడు. మామ సంతోషంగా తాగాడు. ఇన్నేళ్లలో నాకు రాని ఆలోచన అది. అదే నన్ను కాల్చింది.

మహేశ్ ఐసు కోసం వంగినప్పుడు బల్ల మీది రమ్ము తీసి మామ రెండో గ్లాసులో పోశాను. చాలానే పోశాను. అది మామ ఒక్కడే చూశాడు. మామ మీద జాలితో చేశానని ఎన్నో రోజులు నాకు నేను చెప్పుకున్నాను. జాలేనా? ఆయన ఒక గుక్క తాగి, నా వైపు చూసి, "నువ్వు నువ్వే అల్లుడా," అనాలి. అంతే కావాలి నాకు. అన్నాడు కూడా.

అరగంటకు మెట్ల దగ్గర తూలి పడ్డాడు. నుదురు పగిలింది. లేపబోయిన మరదలికి వాసన తగిలింది.

"మా బాపుకు మందు పోసినవారా?" బావమరిది మహేశ్ కాలర్ పట్టుకున్నాడు.

"ఒట్టు సార్, నేను సోడానే ఇచ్చిన." మహేశ్ నా వైపు తిరిగాడు. "అన్నా, మీరు బల్ల కాడనే ఉన్నరు గద. జర చెప్పుండ్రి."

అతను నన్ను అనుమానించలేదు. సాక్షిగా పిలిచాడు.

"నాకేం ఎరుక? నేను చూడలె," అన్నాను.

బావమరిది కొట్టిన చెంప దెబ్బ మిద్దె అంతా వినిపించింది.

మామ కుట్లతో బయటపడ్డాడు. ఆయనకు నిజం తెలుసు. కూతుళ్లకు భయపడ్డాడో, నన్ను కాపాడాడో, ఎవరికీ చెప్పలేదు. మళ్లీ నా చేతి గ్లాసు మాత్రం ముట్టలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ తర్వాత తెలిసినవాళ్లు ముగ్గురు తమ ఇళ్లలో ఫంక్షన్లకు మహేశ్‌ను పిలుద్దామనుకుని, అతనెలాంటివాడని నన్నడిగారు. వద్దన్నాను. తాగకూడనివాళ్లకు తాగిస్తాడని చెప్పాను. అప్పటికి నన్నెవరూ అనుమానించడం లేదు కదా, మరెందుకు చెప్పాను? ఇంకో మిద్దె మీద అతనికి ఈలలు పడతాయనే ఊహ కూడా భరించలేకపోయాను. మా కాలనీల్లో ఇలాంటి పని నోటి మాట మీదే నడుస్తుంది. ఏడాది తిరక్కుండానే అతను ఆ పని మానేశాడని తెలిసింది.

ఇక మోయలేక, పోయిన ఆదివారం సరూర్‌నగర్‌లో మామ ఇంట్లో అందరి ముందూ చెప్పేశాను. నా భార్య లేచి లోపలికి వెళ్లిపోయింది. బావమరిది చాలాసేపు తన అరచేతిని చూసుకున్నాడు. మర్నాడు అతనూ నేనూ బాటసింగారం పండ్ల మార్కెట్‌కు వెళ్లాం. మహేశ్ ఇప్పుడక్కడ గుమాస్తా. పక్కకు పిలవబోయి ఆగాను. నింద పడింది నలుగురిలో. అందుకే హమాలీల ముందే, లారీవాళ్ల ముందే నిజం చెప్పాను.

"గీ మాట నాకు ఆ దినం కావాల్సుండె అన్నా," అన్నాడు. మా బావమరిది చేతులు జోడించినా చూడకుండా బత్తాయి లోడు వైపు వెళ్లిపోయాడు.

తిరిగొచ్చి ఆ ముగ్గురికీ ఫోన్ చేశాను. మహేశ్ గురించి నేను చెప్పింది అబద్ధమన్నాను. మూడో ఆయన అడిగాడు: "గంత పని ఎందుకు చేసినవయ్యా?"

"ఓర్వలేక," అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. అవతల ఆయన ఫోన్ పెట్టేశాడు. నాకు మాత్రం ఊపిరి ఆడింది.