గార్డు మామ గాజుతొట్టి

గార్డు మామ ఇక లేడని వికారాబాదు స్టేషన్లో తెలిసింది. తాండూరు నుంచి వచ్చిన బండి దిగిన పోర్టరు నన్ను చూసి ఆగాడు. "అమ్మా, మీ అమ్మోళ్ల పక్కింటి గార్డు సాబు పొద్దుగాల పోయిండు. గుండె ఆగిందంట." పాఠాలు చెప్పే బడికి బయలుదేరినదాన్ని, అటునుంచి అటే తాండూరు బండి ఎక్కాను.

మామ గూడ్సు బండి గార్డు. అత్తది బందరు. పక్షవాతంతో మంచం పట్టాక ఆమె ఒక్కటే అడిగేది: "ఒక్కసారి సముద్రం చూపించండి." అంత దూరం కదిలించొద్దన్నాడు డాక్టరు. మామ బొంబాయి వైపు తిరిగే తోటి గార్డులను బతిమాలి, డబ్బాల్లో సముద్రపు నీళ్లూ, ఆ నీళ్లలోనే ఉంచిన రాళ్లూ తెప్పించాడు. మంచం పక్కన గాజుతొట్టి అమర్చాడు.

ఆ రాళ్లమీద గులాబీ రంగు నాచు ఉండేది. సున్నపు పెచ్చులా గట్టిగా అంటుకుని, పోనుపోను అద్దాలకూ పాకింది. మామ పాత బ్లేడుతో ముందరి అద్దం ఒక్కటే గీకేవాడు.

"మొత్తం తీసెయ్యరాదా మామా?"

"వద్దు బిడ్డా. గా రంగు జూస్తెనే మీ అత్త నవ్వుతది. ఆమెకు కనవడేటందుకు ముందటిది సాఫ్ జేస్త, అంతే."

ఒక ఎండాకాలం నాచు తెల్లగా పాలిపోయింది. అత్త అన్నం ముట్టడం మానేసింది. మామ తొట్టి చుట్టూ తడి గోనెసంచులు కప్పాడు. ఆవిరైన మేరకు మంచినీళ్లు పోశాడు. ఆ నాచుకు సున్నమే బలమని ఎవరో చెబితే, నీళ్లలో సున్నం కలిపి, పైకి తేరిన నీళ్లను చుక్క చుక్కగా వేశాడు. "జల్ది జేస్తె అన్నీ సస్తయి, జర ఓపిక పట్టాలె" అని తనకు తనే చెప్పుకునేవాడు. డ్యూటీ దిగితే యూనిఫారం కూడా విప్పకుండా అక్కడే కూర్చునేవాడు.

వానలు మొదలయ్యాక ఒక రాయి అంచున గులాబీ మచ్చ కనిపించింది. మామ అత్త తలను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చూపించాడు. ఇద్దరూ ఏడ్చారు. ఆ సాయంత్రం ఆమె అన్నం తింది.

మామ కర్మ అయ్యాక, డాక్టరు వద్దన్నా ఇక్కడ చూసుకునేవాళ్లు లేరని, అత్తను తీసుకుపోవడానికి బందరు నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. తొట్టి రైల్లో పోయేది కాదు. ఆమెను మంచంతోనే స్టేషనుకు మోసుకొచ్చాం.

"సముద్రం కాడికే గదా అత్తా పోతున్నవు. ఇగ దినాం జూడొచ్చు" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

ఆమె నా ముఖం చూసింది. "చూపించేవాడేడే?" అంది.

గాలి ఆడాలని తమ్ముడు ఆమె పక్క కిటికీ ఎత్తిపెట్టాడు. బండి కదిలింది. అత్త బయటికి చూడకుండా కళ్లు మూసుకుంది.