హాలిఫాక్స్ కన్నా ముందు ఏ ఊరు?

ఆ రోజుల్లో ప్రశ్నలు అడగడమే మర్యాద అనుకునేదాన్ని. ఎదురుపడిన మనిషిని "మీదే ఊరు? పెళ్ళయిందా? పిల్లలెంతమంది? అలా చిక్కిపోయారేమిటి?" అని అడక్కుండా వదిలేస్తే వాళ్ళంటే మనకి లెక్కలేదని అర్థం. చీరాలలో నేను పెరిగిన పద్ధతి అది. రైలు బాపట్ల చేరేలోపు ఎదురు సీటావిడ ఆడపడుచు కాపురం సంగతులన్నీ రాబట్టగల మనిషి మా అమ్మ. (ఆవిడ పేరు అడగడం మాత్రం మరిచిపోయేది.) ఆ అమ్మకి కూతుర్ని కాబట్టి, కెనడాలోని సార్నియాకి చదువుకోవడానికి వచ్చినప్పుడు ఎండు రొయ్యల పొడితో పాటు ఈ మర్యాదని కూడా సర్దుకొచ్చాను. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు రొయ్యల డబ్బా మూత తీసి, అంతకంటే వేగంగా మూసేసి, వెళ్ళమని చెయ్యి ఊపాడు. రెండో సరుకుని ఎవరూ తనిఖీ చేయలేదు.

కాలేజీ అయ్యాక ఒక ఎలిమెంటరీ స్కూల్లో లంచ్ టైములో పిల్లల్ని చూసుకునే పని దొరికింది. డబ్బాల మూతలు తీయడం, జాకెట్ల జిప్పులు లాగడం, ఏ ఉన్ని చేతితొడుగు ఎవరిదో తీర్పు చెప్పడం. రేపు పిలుస్తారో లేదో తెలియని ఉద్యోగం. అంతలో అక్కడే ఎడ్యుకేషనల్ అసిస్టెంట్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. అది వస్తే ఈ దేశంలో ఉంటాను, రాకపోతే వర్క్ పర్మిట్ గడువు అయిపోగానే సూట్‌కేసు దించుకోవడమే. మా ప్రిన్సిపల్ మే నెలలో కూడా మెడకి మఫ్లర్ తీసేది కాదు. అందుకని నేను మనసులో ఆవిడకి మఫ్లర్ మేడమ్ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ నన్ను పిలిచి, "శుక్రవారం రేషియల్ ఈక్విటీ ట్రైనింగ్ ఉంది. అన్ని జాతుల పిల్లలతోనూ సమానంగా మెలగాల్సిన పోస్టు ఇది. ట్రైనింగ్‌లో నిన్ను చూసి, సాయంత్రం నా నిర్ణయం చెప్తాను" అంది. నాకు నవ్వొచ్చింది. స్టాఫ్ గ్రూప్ ఫొటోలో అన్ని తెల్ల మొహాల మధ్య నేనెక్కడున్నానో ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. అలాంటిదాన్ని, ఈ సబ్జెక్టులో నాకు ఒకరు నేర్పేదేమిటి? పోస్టు నా చేతిలో పడ్డట్టే అనుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే మంచు దంచి కొట్టింది. సార్నియాలో బస్సులు ఉన్నాయని అందరూ చెప్పుకుంటారు గానీ, అవసరానికి కనబడేవి తక్కువ. స్టాపులో ఒక నల్లజాతి ఆవిడ, నాకన్నా పది పదిహేనేళ్ళు పెద్దదై ఉంటుంది, చక్రాల పెట్టె పక్కన పెట్టుకుని వణుకుతూ నిలబడి ఉంది. నా పాత కారు ఆపాను. నా మెడలో బ్యాడ్జి చూసి, "నేనూ ఆ స్కూలుకే. పిలిచిన టాక్సీ రాలేదు" అంటూ ఎక్కింది. సెలవు పెట్టినవాళ్ళ బదులు వచ్చే సప్లై టీచర్ ఎవరో అనుకున్నాను. (తను ఎవరో ఆవిడ చెప్పేదే, నేను చెప్పనిస్తే కదా!) ఆవిడ సీటు బెల్టు పెట్టుకునే లోపే నా మర్యాద మొదలైంది.

"మీదే ఊరండీ?"

"హాలిఫాక్స్."

"అది సరే. దానికన్నా ముందు?"

"ముందూ హాలిఫాక్సే."

"మీ అమ్మానాన్నలది?"

"హాలిఫాక్స్."

"అలా కాదండీ. అసలు... సొంత ఊరు?"

ఆవిడ పక్క అద్దం మీద పట్టిన ఆవిరిని చేత్తో తుడిచింది. "మా తాతల తాతలది కూడా ఆ పక్కనే. ఈ దేశానికింకా దేశమని పేరు రాకముందు నుంచీ అక్కడే ఉన్నాం" అంది. పాపం, చెప్పడం ఇష్టం లేదేమో అనుకుని పెద్దమనసుతో వదిలేసి, పెళ్ళిలోకి దిగాను. విడాకులట. "అయ్యో, ఎందుకని?" అన్నాను. పిల్లలు లేరట. "డాక్టరుకి చూపించుకున్నారా?" అన్నాను. ఇక ఆవిడ తల నిండా సన్నసన్నటి జడలు. నాకు రెండు జడలు వేయడానికే మా అమ్మ విసుక్కునేది, ఇన్ని వేసిన మహాతల్లి ఎవరా అని ఆశ్చర్యం పట్టలేక, రెడ్ లైట్ దగ్గర ఒక జడ పట్టుకుని కూడా చూశాను. ఆవిడ మెల్లగా జడ వెనక్కి తీసుకుంది. స్కూలు దగ్గర దిగుతూ "రైడ్‌కి థాంక్స్" అంది. ఒక మనిషిని ఎంత ఆదరించానో అని నాకు నేనే మురిసిపోయాను.

అరగంట తరవాత లైబ్రరీలో కుర్చీలు వేసుకుని అందరం కూర్చున్నాక, మఫ్లర్ మేడమ్ "మన ట్రైనర్" అంటూ చూపించింది చూడండి, నా చేతిలో కాఫీ అలాగే ఉండిపోయింది. చక్రాల పెట్టెలోంచి ల్యాప్‌టాప్ తీస్తున్నది మా హాలిఫాక్స్ అక్క. మొదటి స్లైడు మీద పెద్ద అక్షరాలతో "పిల్లల్నీ పెద్దల్నీ బయటివాళ్ళని చేసే పనులు" అని ఉంది. అసలు ఏ ఊరు అని అడగడం. చెప్పింది నమ్మకుండా మళ్ళీ అడగడం. ఇంటి సంగతులు కూపీ లాగడం. అడక్కుండా జుట్టు ముట్టుకోవడం. ఆ స్లైడు కారు వెనక సీట్లో కూర్చుని రాసినట్టుంది! ఆవిడ ఒక్కొక్కటీ చదువుతుంటే నేను కుర్చీలో ఒక్కో అంగుళం కిందికి జారుతున్నాను. నా పర్మిట్, నా పోస్టు, నా సూట్‌కేసు అన్నీ కళ్ళముందు తిరిగాయి.

"వీటిలో మీకు అనుభవమైనవి ఎవరైనా చెప్తారా?" అని అడిగింది అక్క. లైబ్రరీ అంతా ఎంతో సానుభూతిగా నావైపు తిరిగింది. ఇంకెవరున్నారు మరి! మఫ్లర్ మేడమ్ అయితే ధైర్యం చెబుతున్నట్టు తల కూడా ఊపింది. నేను లేచి నిలబడ్డాను. (మనకి కూర్చుని జవాబు చెప్పడం రాదు.) ఏదైనా కష్టం కల్పించి చెప్పేద్దామా అనిపించింది గానీ, ఆవిడ నన్నే చూస్తోంది. "అన్నీ అనుభవమేనండీ. ఈ పొద్దున కారులో ఇవన్నీ ఈవిడకి చేసింది నేనే" అన్నాను.

అక్క గంభీరంగా, "ఒకటి వదిలేశావు. జీతమెంతో అడగలేదు" అంది.

"అడగబోతుంటే స్కూలు వచ్చేసిందండీ."

ముందు అక్కే నవ్వింది, ఆ తరవాత లైబ్రరీ అంతా. నవ్వు తగ్గాక ఆవిడ నా దగ్గరికి వచ్చింది. "నన్ను చలిలో వదలకుండా కారు ఆపింది నువ్వొక్కదానివే, అది మరిచిపోను. జుట్టు సంగతి మాత్రం ఇంకెప్పుడూ ఎవరికీ చేయకు. ఇక ఊరంటావా, మొదటి ప్రశ్నకి నాకేం బాధ లేదు. హాలిఫాక్స్ అని చెప్పాక రెండోసారి అడిగావే, అప్పుడు నా ఊరు నాది కాకుండా పోయింది" అంది. తరవాత మామూలుగా, "మరి మీదే ఊరు?" అని అడిగింది.

"చీరాల" అన్నాను. అని, అలవాటుగా రెండో ప్రశ్న కోసం ఆగాను. అప్పుడు గుర్తొచ్చారు మా నాన్న. స్కూల్ టీచరు, ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేవారు. మాది ఊరికి చివర, చర్చి చుట్టూ ఉన్న పేట. నాన్నతో ఎవరింటికైనా వెళితే "మీదే ఊరు మాస్టారూ?" అనేవారు. "చీరాలండీ." "చీరాలలో ఎక్కడ? ఊళ్ళోనా, పేటలోనా?" అంతే, నాన్నకి దగ్గు వచ్చేది. ఆ రెండో ప్రశ్నకి జవాబు తెలిశాక, అప్పటిదాకా కుర్చీ వేయబోతున్నవాళ్ళు ఆ సంగతే మరిచిపోయేవాళ్ళు. చిన్నప్పుడు ఆ ప్రశ్నంటే నాకు ఒళ్ళు మండిపోయేది. సముద్రాలు దాటొచ్చి నేను చేసిన పనేమిటయ్యా అంటే, అదే ప్రశ్న ఇంకొకావిడని అడగడం! హాలిఫాక్స్ అక్క మాత్రం "చీరాల" అని ఒకసారి నోట్లో పలుక్కుని, తల ఊపి, ముందుకి వెళ్ళిపోయింది. నేను కూర్చుని, కాఫీ తాగుతున్నట్టు నటిస్తూ కళ్ళు తుడుచుకున్నాను.

సాయంత్రం మఫ్లర్ మేడమ్ పిలిచింది. "ట్రైనింగ్‌లో అందరూ పక్కవాళ్ళ తప్పులు చెప్పారు, నువ్వొక్కదానివే నీది చెప్పావు. సోమవారం నుంచి రా" అంది. అక్కని స్టేషన్‌లో దింపింది కూడా నేనే. దారంతా నోరు మూసుకుని డ్రైవ్ చేస్తుంటే, భరించలేక ఆవిడే "ఏమైనా అడుగమ్మా, భయమేస్తోంది" అంది. "అన్నం తిన్నారా?" అని అడిగాను. లేదంది. దారిలో ఆగి ఇద్దరం సూప్ తాగాం.

ఆ వారాంతం చీరాలకి ఫోన్ చేసి నాన్నకి అంతా చెప్పాను. పడీ పడీ నవ్వారు. నవ్వి, "ఇంతకీ ఆవిడది ఏ ఊరన్నావు?" అన్నారు.

"హాలిఫాక్స్, నాన్నా."

"ఆహా. మంచి ఊరు" అన్నారు. అంతటితో ఊరుకున్నారు. ఆయన జీవితంలో హాలిఫాక్స్‌ని చూసింది లేదు, ఏ ట్రైనింగ్‌కీ వెళ్ళింది లేదు. ఎవరు ఏ ఊరు చెప్పినా నాన్న అదే మాట అనేవారని నాకప్పుడే తట్టింది. ఒకే ఇంట్లో పెరిగి ప్రశ్నలన్నీ అమ్మ దగ్గర నేర్చుకుని, అడగకుండా ఆగడం మాత్రం ఆయన దగ్గర నేర్చుకోలేకపోయాను.

ఇప్పుడు నాన్న లేరు. నేను అదే స్కూల్లో ఉన్నాను, మఫ్లర్ కూడా వేసుకుంటున్నాను. కొత్త పిల్లలు వచ్చినప్పుడు మీదే ఊరని అడగడం మాననే లేదు. మొన్న ఒక బుడ్డది, పళ్ళూడిన నోటితో "సార్నియా" అంది. నాలుక చివరిదాకా వచ్చింది రెండో ప్రశ్న. దగ్గొచ్చినట్టు నటించి, "ఆహా, మంచి ఊరు" అన్నాను. దాని జాకెట్ జిప్పు పైదాకా లాగి పంపించాను.