వడ్ల కుప్ప మీద ఎలుగుబంటి

ఆ రోజుల్లో నాకు జరిగిన సంగతులన్నీ వేరేవాళ్లే చెప్పేవారు. నాకు రాయడం రాదు కదా. రెండేళ్ల కిందట మా ఊరి ఆడవాళ్ల సంఘంలో పలక పట్టి అక్షరాలు దిద్దేనాటికి ఈ ఎలుగుబంటి కథ మా ఆయన నోట్లో పడి ఎంత పెరిగిందంటే, అందులో నేను ఎలుగుబంటిని సైకిల్ గాలి పంపుతో కొట్టి తరిమాను కూడా (మాకు గాలి పంపే లేదు). అందుకే, కూడబలుక్కుంటూ అయినా నిజం నేనే రాస్తున్నాను.

మాది బచ్చన్నపేట దగ్గర పల్లె. పెళ్లయి మహదేవపూర్ వైపు వచ్చాను. అక్కడ మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న పిల్లల హాస్టల్‌లో వంటకు సాయం చేసే పని దొరికింది. ఉదయం ఆరింటికల్లా పొయ్యి వెలిగించాలి. మా అన్న జనగామలో ఒక పాత సైకిల్ కొని, బస్సు మీద వేసి పంపాడు. కోసిన పొలాల్లో నెల రోజులు పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. రోడ్డెక్కే రోజు అత్తమ్మ గడపలో నిలబడి ఒకటే మాట అంది. "ఇగో పిల్లా, రోడ్డు మీద ఒక్కసారి పడ్డవని నా చెవుల వడాలె, పాత ఇనుప సామానోనికి అమ్మేస్త. మళ్ల మా అన్న పంపిండు, మా అన్న పంపిండని ఏడ్వద్దు."

ఆ రోడ్డు మీద ఇసుక లారీలు తిరుగుతాయి. వెనక హారన్ వినబడితే చాలు, దిగి సైకిల్‌ను పక్క పొదల్లోకి లాక్కుపోయి, దాని వెనక నిలబడేదాన్ని (లారీ వస్తే సైకిల్ అడ్డుపడి నన్ను కాపాడుతుందని కాబోలు). నడిచిపోతే ముప్పావు గంట పట్టే దారి, సైకిల్ మీద గంట పట్టేది. అయినా సైకిలంటే ప్రాణం. రెండు లారీల మధ్య దొరికే ఆ కాస్త దూరంలో చెవుల పక్క నుంచి గాలి పోతుంటే, పుట్టినప్పటి నుంచీ ఎవరో ఒకరి వెనక నడిచినదాన్ని, ఇప్పుడు నా ముందు ఎవరూ లేరు అనిపించేది. (ఈ పిచ్చి ఇంకా వదల్లేదు. మహబూబాబాద్‌లో ఉన్న మా అక్క ఇంటికి ఇప్పటికీ ఊరూరా ఆగుతూ మూడు రోజులు సైకిల్ మీదే పోతాను. మా అబ్బాయి కారు కొంటానంటే, నువ్వెక్కు అన్నాను.)

అది యాసంగి కోతల కాలం. రోడ్డు సగం ఆరబోసిన వడ్లే. సాయంత్రం కుప్ప చేసి, నల్ల పరదా కప్పి, పక్కనే కాపలా పడుకునేవారు. ఆ వారమే భూపాలపల్లి అడవిలో నుంచి గుడ్డెలుగు దిగిందని, వాగు దగ్గర కనబడిందని ఊరంతా ఒకటే మాట. ఒక తెల్లవారుజామున సరిగ్గా ఆ వాగు దాటాను. ముందు కుప్ప పక్కన నల్లటిది, బొచ్చుది, మెల్లగా రెండు కాళ్ల మీద లేచింది. వెనక లారీ హారన్. దిగుదామంటే ముందు ఎలుగు, దిగకపోతే వెనక లారీ. నా చేతులు ఏం నిర్ణయించుకున్నాయో నాకు తెలియదు. సైకిల్ తిన్నగా కుప్పలోకి పోయింది.

లారీ పక్క నుంచి వెళ్లిపోయింది. ఇక పరుగెత్తాల్సిన సమయం. నేనేం చేశాను? కాళ్లు వడ్లకు తగిలాయి కదా, చెప్పులు విడిచి, వంగి, గుప్పెడు వడ్లు తీసి కళ్లకద్దుకున్నాను. ఎలుగు దగ్గరికి వస్తుంటే లెంపలు కూడా వేసుకున్నాను.

"ఎవలే నువ్వు? తొక్కుడెట్లనో తొక్కినవ్, మళ్ల మొక్కుడేంది?" అంది ఎలుగు.

గొంగడి కప్పుకున్న మా వాడకట్టు తాత!

"తాతా, నీ కాల్మొక్కుత, పడ్డనని మా అత్తమ్మకు చెప్పకు."

"వడ్లన్ని ఎత్తు. ఒక్క గింజ రోడ్డు మీద ఉండద్దు. పడ్డవని ఎవ్వలికి చెప్పను, పో."

చేతులతోనే ఎత్తాను. హాస్టల్‌కు పోయి సాయంత్రం దాకా పని చేశాను. ఇంటికి రాగానే అత్తమ్మ నా కొప్పులో నుంచి ఒక గింజ తీసింది.

"జుట్ల గీ వడ్లేందే?"

"గుడ్డెలుగు అత్తమ్మా! దాన్ని జూసి కుప్పెనక దాక్కున్న."

ఆమె మొహం పాలిపోయింది. "వామ్మో! ఇగ సైకిల్ లేదు, గీకిల్ లేదు. రేపటి సంది నడిచి పో!" (నడిచేవాళ్లను ఎలుగు ఏమీ అనదని కాబోలు.)

ఎలుగు ఉంటే సైకిల్ పోతుంది. ఎలుగు లేదంటే నేను పడ్డట్టు, అప్పుడూ పోతుంది. ఎట్లాగూ పోయేదే కదా అని నిజం చెప్పేశాను.

"ముసలోడు పొద్దుగాల్నే వచ్చిండు," అంది అత్తమ్మ. "పడ్డ సంగతి చెప్పలే. 'నీ కోడలు సైకిల్ తొక్కుత లేదు, మేకను తోలుకపోయినట్టు తోలుకపోతాంది, లారీ లారీకి దిగుతది' అన్నడు. నా ఇజ్జత్ దీసినవ్ గదనే! పడితే లేస్తరు. గట్ల దిగేదానికి సైకిలెందుకు? రేపు దిగినవని తెలిస్తే, అప్పుడమ్ముత."

మర్నాడు పొద్దున వాగు దగ్గరే హారన్ వినబడింది. కాళ్లు నేల కోసం వెతికాయి. అందనివ్వలేదు. పక్క నుంచి లారీ పోతున్నంతసేపూ కళ్లు మూసుకున్నాను (ఇది మా ఆయనకు కూడా తెలియదు). తెరిచేసరికి పళ్ల మధ్య ఇసుక, నా కింద సైకిల్, సైకిల్ కింద రోడ్డు. హాస్టల్‌కు ఎంత తొందరగా చేరానంటే, గేటు తాళమే తీయలేదు. అప్పటి ఆ పిల్ల, అంటే నేనే, ఇప్పుడు నాకు కనబడితే పక్కన కూర్చుని కాసిన్ని మంచినీళ్లు ఇచ్చేదాన్ని. అప్పుడక్కడ ఎవరూ లేరు. గేటుకు ఆనుకుని కింద కూర్చుని, నాలో నేనే నవ్వుకుంటూ, పళ్ల మధ్య ఇసుకను కొంగుతో తుడుచుకున్నాను. నవ్వు ఆగలేదు.