అమ్మ చిటికెన వేలు

జువ్వలదిన్నెలో ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ళ సంఘానికి మా అమ్మ పెద్ద. ఆమె మాటిస్తే రేవులో తిరుగుండదు. అలాంటి మనిషి మాటను తీసుకెళ్ళి ఇంకొకరి చేతిలో పెట్టింది నేనే. చేపలు కొనేవాళ్ళు ఆర్డర్లు పంపే వెబ్‌సైటులో సంఘానికి ఖాతా తెరిచాను. అమ్మకు ఇంగ్లిషు అక్షరాలు రావు కాబట్టి పాస్‌వర్డు కాగితం మీద రాసిచ్చి, ఇంటర్నెట్ సెంటరు అతనితో ఆర్డర్లు చదివించుకోమన్నాను. చదువుకున్నదాన్ని కదా, నా తెలివి అలా తెల్లారింది!

ముసురు పట్టిన వారంలో అతను అమ్మను అడక్కుండానే రెండు క్వింటాళ్ళ ఎండు నెత్తళ్ళకు సరేనని నొక్కేశాడు. ఎండ లేకుండా చేప ఎలా ఎండుతుంది? సరుకు ఇవ్వలేకపోయారు. కొనేవాళ్ళు ఫోన్ చేసి, మాట మీద నిలబడని వాళ్ళతో బేరమెందుకని అన్నారట. అమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

నేను నెల్లూరు నుంచి ఇంటికి వెళ్ళగానే, "నేను చెప్పని మాట నా పేరు పెట్టి చెప్పినాడు మే. ఇంక నేను తప్ప ఎవురూ దాన్ని తెరవకూడదు, అంతే" అంది.

పాత పాస్‌వర్డు తీసేసి, అమ్మ ఫోన్‌లో వేలిముద్ర పెడితేనే ఖాతా తెరుచుకునేలా చేయడానికి కూర్చున్నాను.

"నా ఏలిముద్ర ఆ వెబ్‌సైటోళ్ళ కాడికి పోద్దా?"

"పోదమ్మా. నీ ఫోన్లోనే ఉంటది. వచ్చింది నువ్వేనని ఫోనే వాళ్ళకి చెప్తది."

ముద్ర అంటే మనకు బొటనవేలే కదా. అమ్మ ఎడమ బొటనవేలు పెట్టింది, తర్వాత కుడిది. ఫోన్ రెండింటినీ కాదంది. ముప్పయ్యేళ్ళు రొయ్యలు ఒలిచిన వేళ్ళవి, గీతలెప్పుడో అరిగిపోయాయి. రేషన్ కాడ చేసినట్టే వేలు కొంగుకు తుడిచి, తలకు రాసి మళ్ళీ పెట్టింది. లాభం లేదు.

"నా ఏళ్ళే నన్ను కాదంటే ఇంకేం జేసేది" అని ఫోన్ పక్కన పెట్టి, రొయ్యల బుట్ట ముందుకు లాక్కుంది. నాకు ఫోన్ మీద ఒళ్ళు మండిపోయింది. ఆ చేతుల కష్టంతోనే నేను డిగ్రీ చదివాను.

ఏమీ తోచక ఆమె పని చూస్తూ కూర్చున్నాను. రొయ్యను పట్టుకున్న ఎడమ చేతిలో చిటికెన వేలొక్కటీ దేనికీ తగలకుండా పైకి లేచి ఉంది.

"అమ్మా, చెయ్యి కడుక్కో!" అని అరిచాను.

"చిటికెనేలుతో ముద్రేందిమే, నవ్విపోతారు!"

నవ్వినవాళ్ళు నవ్వనీ అన్నాను. ఆ వేలిని అటూ ఇటూ తిప్పి తాకిస్తే ఫోన్ ఒప్పుకుంది.

ఆ వారంలోనే ఐదు క్వింటాళ్ళకు ఆర్డరు వచ్చింది. సంఘం ఆడవాళ్ళంతా మూగారు. "ఒప్పుకో అక్కా, ఎట్నో తెద్దాం" అన్నారు. అమ్మ చిటికెన వేలు పెట్టి ఖాతా తెరిచింది. ఏది నొక్కితే అవును, ఏది నొక్కితే కాదు అని నన్నడిగి, 'కాదు' నొక్కింది.

"పడవలకి నెత్తళ్ళు పడితే గదా! లేని సరుకు ఉందని ఎట్ట చెప్పేది?"

నాకు గర్వంగా అనిపించింది. ఇంత చదివి నేను ఎవరికీ అంత తేలిగ్గా కాదని చెప్పలేను.

మధ్యాహ్నం కొనేవాళ్ళే ఫోన్ చేశారు. ఎప్పుడు ఇవ్వగలరో, ఎంత ఇవ్వగలరో మీరే చెప్పండి అన్నారు. జవాబు చెబుదామని అలవాటు కొద్దీ ఫోన్ కోసం చెయ్యి చాచాను.

"జరుగుమే, నేను చెప్తా" అంది అమ్మ.